వీధి కుక్కల నియంత్రణ ఖర్చు: స్థానిక సంస్థలు ఏ లెక్కన పంచుకోవాలి?

హైదరాబాద్ మహానగరపు చెత్త ఏళ్ల తరబడి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతోంది. ఆ చెత్తను పంపేది జీహెచ్‌ఎంసీ. యార్డు ఉన్న జవహర్‌నగర్ మాత్రం 2025 చివర్లో జరిగిన విలీనం దాకా జీహెచ్‌ఎంసీ పరిధిలో లేదు. ఒకప్పుడు గ్రామ పంచాయతీగా, తరువాత సొంత నగరపాలక సంస్థగా విడిగానే నడిచింది. తిండి దొరికే చోట కుక్కలు పెరుగుతాయన్నది అందరికీ తెలిసిన సంగతే. ఇక్కడ తిండి ఒక సంస్థ పరిధి నుంచి వచ్చేది, దాని మీద బతికే కుక్కలను పట్టుకుని ఆపరేషన్ చేయించి టీకా వేయించాల్సిన బాధ్యత మాత్రం అంతకంటే ఎన్నో రెట్లు చిన్నదైన మరొక సంస్థ పద్దులో పడేది. 2024 జులైలో జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర పసివాడు కుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ దుర్ఘటనకూ డంపింగ్ యార్డుకూ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. సమస్య పుట్టే చోటు, దాన్ని భరించే చోటు, దానికి డబ్బు పెట్టే చోటు ఒకటి కానవసరం లేదని చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన దగ్గర దొరకదు.

వీధి కుక్కల గురించి మన చర్చ సాధారణంగా రెండు శిబిరాలుగా చీలిపోతుంది: కుక్కలను తొలగించాలనేవారు ఒకవైపు, వాటిని హింసించరాదనేవారు మరొకవైపు. ఈ వాదనలో కనుమరుగయ్యే ప్రశ్న ఒకటుంది. చట్టం అనుమతించిన పద్ధతిని అమలు చేయడానికి అయ్యే ఖర్చును పక్కపక్కనే ఉన్న పురపాలక సంఘం, గ్రామ పంచాయతీలు, మండల, జిల్లా పరిషత్తులు ఏ లెక్కన పంచుకోవాలి? ఈ లెక్క తప్పితే మంచి కార్యక్రమం కూడా రెండేళ్లలో మూలన పడుతుంది. ఏ లెక్కయినా ఒకటేనన్న ధోరణి అధికారుల్లోనూ ప్రజాప్రతినిధుల్లోనూ కనిపిస్తుంది కానీ, అది నిజం కాదు. లెక్క వేసే తీరే ఏ సంస్థ ఎలా ప్రవర్తిస్తుందో నిర్ణయిస్తుంది.

బాధ్యత ఎవరిది?

పూర్వం ఊరి మీద పడి తిరిగే జంతువుల విషయంలో ఖర్చు తగాదా పెద్దగా ఉండేది కాదు. 1871 నాటి పశు అతిక్రమణ చట్టం కింద ఏర్పడిన బందెల దొడ్డి పద్ధతి ఒక విధంగా తన ఖర్చు తానే రాబట్టుకునేది. చేలో పడిన గేదెనో ఎద్దునో దొడ్డికి తోలేవారు. యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకునేవాడు. ఎవరూ రాకపోతే వేలం వేసేవారు. జంతువుకు యజమాని ఉండటం, దానికి మార్కెట్ విలువ ఉండటం అనే రెండు ఆధారాల మీద ఆ ఏర్పాటు నిలిచింది. వీధి కుక్కకు ఈ రెండూ లేవు. అందువల్ల దాని ఖర్చంతా ప్రజాధనం మీదే పడుతుంది, ఎవరి ప్రజాధనం అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది.

రాజ్యాంగం ఈ ప్రశ్నకు సగం జవాబే ఇస్తుంది. పట్టణ సంస్థలకు బదలాయించదగిన అంశాలను చెప్పే పన్నెండో షెడ్యూలులో బందెల దొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ అనేవి పదిహేనో అంశంగా స్పష్టంగా ఉన్నాయి. పంచాయతీలకు సంబంధించిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాలలో అటువంటిది లేదు. పశుసంవర్ధకం, పాడి, కోళ్ల పెంపకం నాలుగో అంశంగా, ఆరోగ్యం, పారిశుధ్యం ఇరవైమూడో అంశంగా ఉన్నాయి. ఊరకుక్క పాడి పశువు కాదు. పారిశుధ్యం కింద లాగాలంటే లాగవచ్చు గాని అది వ్యాఖ్యానంతో తెచ్చుకున్న బాధ్యతే. పట్టణానికి నేరుగా చెప్పిన పని పల్లెకు నేరుగా చెప్పలేదన్న ఈ తేడా కాగితం మీద చిన్నదే. ఆచరణలో దాని ఫలితం పెద్దది: పురపాలక సంఘం బడ్జెట్లో కుక్కల నియంత్రణకు ఎంత చిన్నదైనా ఒక పద్దు కనిపిస్తుంది, పంచాయతీ బడ్జెట్లో చాలాచోట్ల అదీ కనిపించదు.

జంతు జనన నియంత్రణ నియమాలు ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం చేశాయి. 2001లో మొదటిసారి వచ్చిన ఆ నియమాల స్థానంలో 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలను తెచ్చింది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఏబీసీ అని మనమంతా పిలిచే ఈ కార్యక్రమం సారాంశం ఇది: కుక్కను మానవీయంగా పట్టుకోవాలి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవి కత్తిరించాలి, కోలుకున్నాక పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. దీన్ని నిర్వహించాల్సిన స్థానిక సంస్థల్లో నగరపాలక సంస్థలు, పురపాలక సంఘాలతో పాటు పంచాయతీలూ ఉన్నాయి. కార్యక్రమం నడిపే కేంద్రానికి భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉండాలి. బాధ్యత అందరిదీ అని నియమాలు చెప్పాయి కానీ, పక్కపక్క సంస్థలు కలిసి చేసినప్పుడు ఎవరి వాటా ఎంతో తేల్చే సూత్రాన్ని ఇవ్వలేదు.

2025లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఒత్తిడి మరింత పెరిగింది. ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాల వీధి కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలన్న ఆగస్టు 11 నాటి ఆదేశాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 22న సవరించింది. రేబిస్ సోకినవి, సోకినట్టు అనుమానం ఉన్నవి, దూకుడు స్వభావం ఉన్నవి తప్ప మిగిలిన కుక్కలను ఆపరేషన్, టీకా తరువాత అక్కడే వదలాలని చెబుతూ కేసు పరిధిని దేశమంతటికీ విస్తరించింది. నవంబరు 7న మళ్లీ, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తొలగించిన కుక్కలను అక్కడికి తిరిగి వదలరాదని ఆదేశించింది. ఖర్చు కోణంలో చూస్తే ఈ చివరి ఆదేశం చాలా బరువైనది. ఆపరేషన్ ఒక్కసారి అయ్యే ఖర్చు. షెల్టరులో ఉంచిన కుక్కకు అది బతికినన్నాళ్లూ తిండి, వైద్యం, కాపలా ఖర్చు సాగుతూనే ఉంటుంది. ఒక మండలంలో రైల్వే స్టేషన్ ఒక ఊళ్లో, ప్రాంతీయ ఆసుపత్రి మరో ఊళ్లో ఉంటాయి, వాటిని వాడుకునేది మాత్రం చుట్టుపక్కల నలభై ఊళ్లవారు. ఆ ఆవరణల నుంచి తెచ్చిన కుక్కల జీవితకాలపు ఖర్చును ఆ ఒక్క ఊరి ఇంటి పన్ను నుంచి రాబట్టమనడం న్యాయం కాదు.

ఒక కుక్కకు ఎంతవుతుంది అన్న ప్రశ్నలోని చిక్కు

ఈ విషయం మీద ఏ సమావేశం జరిగినా మొదట వినిపించేది కుక్కకు ఇంత అన్న అంకె. జంతు సంక్షేమ మండలి సూచించిన ₹1,650 చాలా టెండర్లలో కనిపిస్తుంది. 2025లో కేంద్ర ప్రభుత్వం సవరించిన పథకం కింద కుక్కకు ₹800, పిల్లికి ₹600 వరకు సాయం ఇస్తామంది. ఈ అంకెలు ఉపయోగకరమైనవే గాని, ఒక విషయాన్ని దాచిపెడతాయి. ఏబీసీ కేంద్రపు ఖర్చులో పెద్ద భాగం కుక్కల సంఖ్యతో సంబంధం లేకుండా అవుతుంది. ఆపరేషన్ గది, బోన్లు, వ్యాన్, పశువైద్యుడి జీతం, పట్టుకునే సిబ్బంది జీతాలు, కరెంటు, నీళ్లు, వ్యర్థాల పారవేత వంటివి పది కుక్కలు వచ్చినా వంద వచ్చినా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మత్తుమందు, కుట్లు, టీకా, నాలుగైదు రోజుల తిండి మాత్రమే కుక్కల సంఖ్యను బట్టి పెరుగుతాయి.

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. అరవై వేల జనాభా ఉన్న ఒక పట్టణం, దాని చుట్టూ సగటున నాలుగు వేల జనాభాతో పది గ్రామ పంచాయతీలు ఉన్నాయనుకుందాం. మొత్తం లక్ష మంది. అందరికీ కలిపి ఒకే ఏబీసీ కేంద్రం. దాని స్థిర ఖర్చు ఏడాదికి 24 లక్షలు, కుక్కకు అదనంగా అయ్యేది 900 రూపాయలు. ఏడాదిలో 3,000 కుక్కలకు ఆపరేషన్లు జరిగితే మొత్తం 51 లక్షలు, అంటే కుక్కకు 1,700.

ఈ 51 లక్షలను పంచడానికి సులభంగా తట్టే దారులు రెండు. ఒకటి జనాభా లెక్క: తలకు 51 రూపాయలు. పట్టణం వాటా 30.6 లక్షలు, ఒక్కో పంచాయతీ వాటా 2.04 లక్షలు. రెండోది వాడకం లెక్క: ఎవరు ఎన్ని కుక్కలను పంపితే వారు అంత కట్టాలి. పట్టణం 2,400, పంచాయతీలన్నీ కలిసి 600 పంపాయనుకుంటే పట్టణానికి 40.8 లక్షలు, పంచాయతీలకు 10.2 లక్షలు.

వాడినవాడే కట్టాలి అన్నది వినగానే న్యాయంగా తోస్తుంది. సర్పంచుల సమావేశంలో ఓటింగు పెడితే అదే గెలుస్తుంది. కానీ మరుసటి ఏడాది ఏమవుతుందో చూడాలి. నిధుల కటకట వచ్చి పట్టణం 2,400 బదులు 1,200 కుక్కలనే పంపిందనుకుందాం. మొత్తం 1,800 కుక్కలు. ఖర్చు 24 లక్షల స్థిర భాగం, 16.2 లక్షల చర భాగం కలిపి 40.2 లక్షలు. ఇప్పుడు కుక్కకు పడేది సుమారు 2,233. అంతకుముందులాగే 600 కుక్కలను పంపిన పంచాయతీల బిల్లు 10.2 లక్షల నుంచి దాదాపు 13.4 లక్షలకు పెరుగుతుంది, ఒక్క కుక్క కూడా అదనంగా పంపకుండానే. దాంతో రెండు పంచాయతీలు ఇక మా వల్ల కాదంటాయి. మిగిలినవారికి ధర ఇంకా పెరుగుతుంది. మూడో ఏడాదికి కేంద్రం ఉంటుంది, వ్యాన్ ఉంటుంది, వచ్చే కుక్కలే ఉండవు.

నష్టం అంతటితో ఆగదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో దాదాపు 70 శాతానికి తక్కువ కాలంలో ఆపరేషన్లు, టీకాలు జరిగితేనే సంతతి తగ్గడం, రేబిస్ గొలుసు తెగడం సాధ్యమని నిపుణులు చెబుతారు; రేబిస్ టీకా విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యమూ అదే 70 శాతం. ఒక ఊరు ముప్పై శాతం దగ్గర ఆపేస్తే ఆ ఊరి కొత్త కుక్కపిల్లలు పెరిగి పక్క ఊళ్లో ఖాళీ అయిన వీధుల్లోకి చేరతాయి. పక్క ఊరు పెట్టిన ఖర్చు కూడా వృథా అవుతుంది. అంటే ఇక్కడ సేవను వాడుకోవడమంటే ఇరుగుపొరుగుకు మేలు చేయడం. వాడకాన్ని బట్టి బిల్లు వేయడమంటే మేలు చేసినవాడి దగ్గర వసూలు చేసి, చేయనివాడిని ఊరికే వదిలేయడం.

అమెరికా లెక్క ఇక్కడ ఎందుకు కుదరదు

స్థానిక సంస్థలు జంతు నియంత్రణ ఖర్చును ఒప్పందం రాసుకుని పంచుకోవడంలో అమెరికాకు చాలా అనుభవం ఉంది. మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ పట్టణాలున్న వాషింగ్టన్ రాష్ట్రపు కింగ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) అందుకు మంచి ఉదాహరణ. 2010 జులై నుంచి అక్కడ కౌంటీ, దాని పరిధిలోని పాతిక దాకా నగరాలు ఒక అంతర సంస్థల ఒప్పందం కింద ఉమ్మడి జంతు సేవలను నడుపుతున్నాయి. షెల్టరు కెంట్ నగరంలో ఉంది. మొదటి ఒప్పందంలో ఖర్చును సగం జనాభాను బట్టి, సగం వాడకాన్ని బట్టి పంచారు. తక్కువ వాడుకుంటున్న నగరాలు అభ్యంతరం చెప్పడంతో 2013 నుంచి జనాభా వాటాను 20 శాతానికి తగ్గించి వాడకం వాటాను 80 శాతానికి పెంచారు. దాంతో భారం పెరిగే నగరాలకు కౌంటీ కొంత సాయం అందించింది. పెంపుడు జంతువుల లైసెన్సు రుసుముల నుంచి వచ్చిన ఆదాయాన్ని ఆయా నగరాల వాటాలో తగ్గించే పద్ధతి కూడా ఉంది. కొన్ని నగరాలు బయటికి వెళ్లిపోయాయి. 2013లో ఆబర్న్ నగరం సొంత ఏర్పాటు చేసుకుంది.

ఇది చదివిన మన అధికారి ఎవరైనా 80–20 లెక్కను ఇక్కడికి తెచ్చే ప్రమాదం ఉంది. తేవద్దనే నా వాదన. అక్కడ షెల్టరుకు వచ్చే కుక్క చాలావరకు తప్పిపోయినదో, యజమాని వదిలేసినదో. ఒక నగరం నుంచి ఎక్కువ జంతువులు వస్తున్నాయంటే ఆ నగరంలో లైసెన్సులు సరిగా అమలు కావడం లేదనో, పెంపుడు జంతువులకు సమయానికి ఆపరేషన్లు జరగడం లేదనో అర్థం. కనుక వాడకం మీద రుసుము వేస్తే ఆ నగరం తన లోపాన్ని సరిదిద్దుకోవడానికి ప్రోత్సాహం దొరుకుతుంది. ఇక్కడ ఏబీసీ కేంద్రానికి ఎక్కువ కుక్కలు పంపిన పంచాయతీ లోపమున్నది కాదు, పని చేస్తున్నది. లెక్క ఒకటే అయినా అక్కడ సరైన దారికి తోసేది ఇక్కడ తప్పు దారికి తోస్తుంది. వాడకం భారాన్ని సూచించే చోట వాడకం మీద, వాడకమే ఉమ్మడి మేలు అయిన చోట జనాభా మీద లేదా అంచనా కుక్కల సంఖ్య మీద వాటా వేయాలి.

అలాగని మన దగ్గర వాడకం లెక్కకు అసలు చోటు లేదనడం లేదు. రాత్రివేళ ఫిర్యాదు వస్తే వెళ్లి కరిచిన కుక్కను పట్టుకోవడం, పదిరోజులు పరిశీలనలో ఉంచడం వంటి పిలుపు సేవలకు వాడకం లెక్క సబబే. కోడి మాంసపు దుకాణాల వ్యర్థాలను పట్టణం దాటించి పల్లె శివార్లలో పారబోయించే పురపాలక సంఘం ఆ మేరకు అదనపు వాటా కట్టడమూ సబబే. జవహర్‌నగర్ వంటి చోట చెత్త టన్నులనే వాటాకు ఒక కొలమానంగా పెట్టుకోవచ్చు. తూకం లెక్కలు ఎలాగూ ఉంటాయి.

జనాభా లెక్కకూ ఒక లోపముంది. అడవి అంచు తండాలో జనం తక్కువ, కుక్కలు ఎక్కువ కావచ్చు. అపార్టుమెంట్లు నిండిన శివారులో దీనికి తలకిందులు. అందుకే జనాభా, కుక్కల అంచనా, ఆదాయ స్తోమత మూడింటినీ కలిపిన లెక్క మేలు. స్తోమత ఎందుకంటే, 500 జనాభా దాటిన తండాలను కూడా పంచాయతీలుగా చేసిన తెలంగాణలో కొన్ని పంచాయతీల సొంత ఆదాయం పారిశుధ్య కార్మికుల జీతానికే చాలదు. తలకు 51 రూపాయలు పట్టణ వాసికి చిన్న మొత్తం. అటువంటి తండాకు అది వీధి దీపాల బిల్లుతో పోటీ పడే మొత్తం.

డబ్బు ఏ గదిలో ఉంది, పని ఏ గదిలో ఉంది

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పాతిక వేలకు పైగా గ్రామ పంచాయతీలున్నాయి. ప్రతి పంచాయతీ ఒక ఏబీసీ కేంద్రం పెట్టడం అసంభవం, అనవసరం కూడా. పనికి తగిన పరిమాణం రెండు మూడు మండలాలు, వాటి మధ్యలోని పట్టణం కలిసిన ప్రాంతం. చిక్కేమిటంటే, డబ్బు ఆ స్థాయిలో లేదు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంట్లలో 70 నుంచి 85 శాతం గ్రామ పంచాయతీలకు, 10 నుంచి 25 శాతం మండల స్థాయికి, 5 నుంచి 15 శాతం జిల్లా స్థాయికి వెళ్లాలని పరిమితులు పెట్టింది. ఆ గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ముడిపెట్టినది. మిగిలిన 40 శాతంలోనే స్థానిక అవసరాలన్నీ తీరాల్సి వచ్చేది, అదీ జీతాలకు వాడకుండా. కుక్కల నియంత్రణ ఆ 40 శాతంలో మురుగు కాల్వ కల్వర్టుతో, శ్మశానం ప్రహరీతో పోటీ పడేది.

పైగా ఆ గ్రాంట్లకు ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్న షరతు ఉండేది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉండటంతో ఆ నిధులు ఆగిపోయాయి. కుక్కలు అలా ఆగవు. రెండేళ్ల విరామం తరువాత కొత్త సర్పంచ్ చేతికొచ్చేది బకాయిలు, ఊరి ఫిర్యాదులు. చట్టబద్ధమైన దారి ఖరీదైనదిగా, దూరంగా ఉన్నప్పుడు చట్టవిరుద్ధమైన దారి చవకగా కనిపిస్తుంది. పల్లెల్లో కుక్కలను చంపించారన్న కేసులు పదేపదే నమోదవుతున్నది ఈ నేపథ్యంలోనే. చంపడం నేరమని సర్పంచులకు గుర్తు చేసే ఆదేశాలు జిల్లా కార్యాలయాల నుంచి వెళ్తాయి. దగ్గరి ఏబీసీ కేంద్రం ఎక్కడుంది, అందులో ఆ పంచాయతీకి ఎన్ని బోన్లు కేటాయించారు, వాటా ఎంత అన్న సమాచారం కూడా ఆ ఆదేశంతోనే వెళ్తే తప్ప దాని వల్ల ఉపయోగం లేదు.

మరో అసమతుల్యం అడ్డంగా, అంటే పక్కపక్క సంస్థల మధ్య కాదు; నిలువుగా, పంచాయతీకీ రాష్ట్రానికీ మధ్య ఉంది. పార్లమెంటుకు ప్రభుత్వం చెప్పిన ప్రకారం 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయి. ప్రతి కాటుకూ ప్రభుత్వ ఆసుపత్రి ఉచితంగా టీకా ఇవ్వాలి, లోతు గాయాలకు వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఖరీదైన ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా ఇవ్వాలి. ఈ ఖర్చు రాష్ట్ర ఆరోగ్య శాఖది. పంచాయతీ కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు చేయిస్తే తగ్గేది ఆరోగ్య శాఖ ఖర్చు; పంచాయతీ ఖజానాలో ఒక్క రూపాయి మిగలదు. ఒకరు ఖర్చు పెడితే మరొకరికి ఆదా అయ్యే ఇటువంటి చోట స్వచ్ఛందంగా ఎవరూ తగినంత ఖర్చు పెట్టరు. ఆర్థిక శాస్త్రం చదవకపోయినా ఏ పంచాయతీ కార్యదర్శి అయినా ఈ మాట చెప్పగలడు. ఏబీసీ కేంద్రాల స్థిర ఖర్చులో గణనీయమైన భాగాన్ని రాష్ట్ర ఆరోగ్య, పశుసంవర్ధక శాఖలు భరించాలన్న వాదనకు ఆధారం ఇదే. అది స్థానిక సంస్థల మీద చూపే దయ అనుకోనక్కర్లేదు, శాఖ తన ఆదాలో వాటా తిరిగి ఇవ్వడమే అవుతుంది.

నష్టపరిహారం విషయంలోనూ ఇదే ప్రశ్న తిరుగుతోంది. కేరళలో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిరి జగన్ కమిటీ కుక్కకాటు బాధితులకు పరిహారాన్ని లెక్కగట్టగా, కట్టవలసిన భారం స్థానిక సంస్థల మీద పడింది. 2023 నవంబరులో పంజాబ్–హర్యానా హైకోర్టు పంటి గాటుకు కనీసం ₹10,000 చొప్పున పరిహారం నిర్ణయిస్తూ ప్రధాన బాధ్యత రాష్ట్రానిదేనంది. పరిహారం ఎవరు కడతారన్నది నివారణకు ఎవరు ఖర్చు పెడతారన్న దాన్ని నేరుగా ప్రభావితం చేస్తుంది. కాటు జరిగిన పరిధిని బట్టి పంచాయతీయే కట్టాలంటే, పొరుగు ఊరి నిర్లక్ష్యానికి ఈ ఊరు మూల్యం చెల్లించే సందర్భాలు వస్తాయి.

కలిసి చేసిన చోట్ల ఏమైంది

కేరళలో 941 గ్రామ పంచాయతీలు ఉన్నాయి, వాటికి ప్రణాళికా నిధులు మనకంటే బాగా అందుతాయి. గ్రామ, బ్లాకు, జిల్లా పంచాయతీలు ఒకే పనికి వాటాలు వేసుకుని ఉమ్మడి ప్రాజెక్టుగా నడపడం అక్కడ అలవాటైన పద్ధతి. వీధి కుక్కల నియంత్రణనూ అలాగే జిల్లా పంచాయతీల సమన్వయంతో, స్థానిక సంస్థల వాటాలతో నడిపారు. అనేక జిల్లాల్లో పట్టుకోవడం, ఆపరేషన్ల నిర్వహణ కుటుంబశ్రీ అనే మహిళా స్వయం సహాయక బృందాలు చూశాయి. ఖర్చు పంపకం సమస్య కాలేదు. ఆగింది వేరే చోట: కుటుంబశ్రీకి జంతు సంక్షేమ మండలి గుర్తింపు లేదన్న కారణంగా 2021 డిసెంబరులో హైకోర్టు ఆ ఏర్పాటును ఆపింది. ప్రత్యామ్నాయం సిద్ధంగా లేకపోవడంతో ఆపరేషన్లు బాగా తగ్గిపోయాయి, 2022 నాటికి కుక్కల సమస్య రాష్ట్రమంతటా పెద్ద వివాదమైంది. నడిపేవారికి కావలసిన అర్హతను ఒప్పందంలో ముందే రాసుకోకపోతే సమకూర్చుకున్న నిధి కూడా నిరుపయోగమవుతుందని ఆ అనుభవం చెబుతుంది.

గోవా వేరే దారి పట్టింది. అక్కడ రేబిస్ టీకాను పంచాయతీల వారీగా వదిలేయకుండా రాష్ట్ర ప్రభుత్వం నిధులిచ్చి, మిషన్ రేబిస్ అనే ఒకే నిర్వాహక సంస్థ ద్వారా రాష్ట్రమంతటా ఇంటింటికీ, వీధివీధికీ ఒకే పద్ధతిలో చేయించింది. 2021లో గోవా రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకోగలిగింది. అప్పటికి రెండే జిల్లాలున్న రాష్ట్రంలో సాధ్యమైనది ముప్పై మూడు జిల్లాల తెలంగాణలో అచ్చంగా అలాగే సాధ్యం కాదు. ఒక ఉమ్మడి జిల్లా స్థాయిలో మాత్రం ఇది అసాధ్యమేమీ కాదు. టీకాకు ఆపరేషన్ గది అక్కర్లేదు కనుక ఆ భాగాన్ని రాష్ట్రానికి పూర్తిగా అప్పగించి, ఆపరేషన్ల ఖర్చును మాత్రమే స్థానిక సంస్థలు పంచుకోవడం నాకు అన్నింటికంటే ఆచరణీయంగా తోస్తుంది.

విలీనం మూడో దారి. 2007లో పన్నెండు పురపాలక సంఘాలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. 2025 చివర్లో ఔటర్ రింగు రోడ్డు పరిసరాల్లోని 27 పట్టణ సంస్థలనూ అందులో కలపడంతో జవహర్‌నగర్ వంటి చోట్ల ఇద్దరి మధ్య ఉన్న ఖర్చు తగాదా అప్పటికి ఒకే సంస్థలోని అంతర్గత కేటాయింపుగా మారింది. అయితే సరిహద్దు పోలేదు, మరింత బయటికి జరిగింది. ఇప్పుడు ఆ కొత్త అంచున ఉన్న పంచాయతీలు పాత జవహర్‌నగర్ స్థానంలోకి వచ్చాయి.

విలీనం చేయకుండా పట్టణాన్నీ పల్లెలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే వేదిక కూడా రాజ్యాంగంలో ఉంది. 243 జెడ్‌డీ అధికరణం ప్రకారం ప్రతి జిల్లాలో ఏర్పడాల్సిన జిల్లా ప్రణాళికా కమిటీ, పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ ఉమ్మడిగా ప్రయోజనమున్న అంశాలను పరిగణనలోకి తీసుకుని ముసాయిదా ప్రణాళిక తయారుచేయాలి. ఎన్నికైన పంచాయతీ, పురపాలక సభ్యులు అందులో మెజారిటీగా ఉంటారు. నీటి పంపకం, ప్రాదేశిక ప్రణాళిక వంటివాటిని ఉదాహరణగా చెప్పిన ఆ నిబంధన కింద కుక్కల నియంత్రణ నిస్సందేహంగా వస్తుంది. కమిటీలు చాలాచోట్ల నామమాత్రంగా మిగిలాయన్నది వేరే సంగతి.

అటువంటి వేదిక మీద రాసుకునే ఒప్పందంలో లెక్క సూత్రం కంటే కూడా తగవులు తెచ్చేవి కొన్ని చిన్న నిబంధనలు. వాటా మొత్తాన్ని ఏడాది మొదట్లోనే జమ చేయాలా, నెలనెలా బిల్లు మీద కట్టాలా? ముందే జమ చేయకపోతే ఏబీసీ కేంద్రం జీతాలివ్వలేకపోతుంది. మధ్యలో ఒక పంచాయతీ వైదొలిగితే దాని వాటా స్థిర ఖర్చును మిగిలినవారు ఎన్ని నెలలు మోయాలి? కనీసం ఒక ఏడాది ముందు నోటీసు ఉండాలన్నది నా అభిప్రాయం. వ్యాను ఏ ఊరికి ఏ వారం వస్తుందో ఎవరు నిర్ణయిస్తారు? డబ్బు సమంగా కట్టి, పట్టణం పిలుపులకే వ్యాను తిరుగుతూ ఉంటే మారుమూల పంచాయతీలు మొదటి ఏడాదిలోనే తప్పుకుంటాయి. ప్రాంతాల వారీగా వరుస క్రమం ముందే ప్రకటించడం శాస్త్రీయంగానూ మంచిదే, ఎందుకంటే ఒక్కో ఊళ్లో 70 శాతం పూర్తిచేసి తరువాతి ఊరికి కదిలితేనే ఫలితం నిలుస్తుంది. కుక్కలను లెక్కించేది ఎవరు? వాటా కుక్కల అంచనా మీద ఆధారపడితే ప్రతి సంస్థా తన సంఖ్యను తగ్గించి చూపుతుంది; లెక్కింపును వాటాదారులు కాని పశుసంవర్ధక శాఖకో పశువైద్య కళాశాలకో అప్పగించి, అదే బృందంతో రెండేళ్లకోసారి అదే వీధుల్లో మళ్లీ లెక్కించమనాలి. 2019 జాతీయ పశుగణన దేశంలో వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లని చెప్పింది గాని, ఒక మండలంలోని పదకొండు సంస్థల మధ్య 51 లక్షలను పంచడానికి ఆ స్థాయి అంకె పనికిరాదు.